ప్రాచ్య కళాశాలలు, పరసంస్థల సహకారం: పండితుని స్థానమెక్కడ?

విశ్వవిద్యాలయాలు పరిశ్రమలతోను, ప్రభుత్వసంస్థలతోను చేయి కలపాలన్న మాట విద్యారంగంలో చాలాకాలంగా వినవస్తున్నదే. ఇంజనీరింగు కళాశాల ఒక కర్మాగారానికి అవసరమైన పరీక్షలు చేసిపెట్టడం, వ్యవసాయ విశ్వవిద్యాలయం కొత్త వంగడాన్ని రైతు పొలానికి చేర్చడం, వైద్యకళాశాల ఔషధసంస్థతో కలిసి పరిశోధన సాగించడం అందరికీ తెలిసిన దృష్టాంతాలు. ఈ చర్చలో సంస్కృతాంధ్ర ప్రాచ్య కళాశాలల ప్రసక్తి సాధారణంగా రాదు. వ్యాకరణం, అలంకారశాస్త్రం, న్యాయం, తెలుగు ప్రబంధాలు చదువుకొన్నవారి వద్ద బయటి సంస్థలకు కావలసినది ఏముంటుందన్న భావం పాలకులలోనే కాక ప్రాచ్య కళాశాలల అధ్యాపకులలో కూడ పాతుకొని ఉన్నది.

ఈ భావం వాస్తవానికి దూరమైనది. దేవస్థానాలకు శాసనాలను, ఆగమగ్రంథాలను పరిష్కరించేవారు కావాలి. అభిలేఖాగారాలకు పాత దస్తావేజులను చదివి సారాంశం వ్రాసేవారు కావాలి. ఆయుర్వేదౌషధాలు తయారుచేసే సంస్థలకు గ్రంథప్రమాణం చూపేవారు కావాలి. కంప్యూటరు సంస్థలకు సంధులు విడదీసి, సమాసాలు విప్పి, పదరూపాలను గుర్తించి చెప్పేవారు కావాలి. ఈ పనులన్నింటికీ ప్రాచ్య కళాశాలలో నేర్పే విద్యయే ఆధారం. సహకారం అవసరమని ఇంతమంది అంగీకరించిన తరువాత మిగిలే విచార్యాంశం ఒక్కటే: ఆ సహకారంలో పండితుని స్థానం ఏమిటి? బయటి సంస్థ సిద్ధమైన పాఠాన్ని తీసికొని వెళ్ళి, ఆ పాఠాన్ని సిద్ధం చేసే చదువును పోషించకపోతే ఒక తరం గడిచేసరికి ఇవ్వడానికి ఏమీ మిగలదు. కనుక ప్రాచ్య కళాశాల చేసికొనే ప్రతి ఒప్పందంలోను పాఠబాధ్యత పండితునికి, శిక్షణ విద్యార్థికి దక్కేటట్లు ముందుగానే వ్రాసికొనడం అవసరం. ఆ జాగ్రత్త లేని ఒప్పందం ఎంత ధనం తెచ్చినా కళాశాలకు నష్టమే.

ఈ సమస్య కొత్తది కాదు. ఈస్టిండియా కంపెనీ సేవలో ఉండిన కాలిన్ మెకంజీ దక్షిణదేశమంతటా కైఫీయతులు, శాసనాలు, తాళపత్రాలు సేకరింపజేశాడు. 1815లో ఆయన భారతదేశానికి ప్రథమ సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆ మహాసేకరణకు ఆధారభూతులైనవారు కావలి సోదరులు. వారిలో వెంకట బొర్రయ్య పాత కన్నడ లిపిలోని శాసనాలను చదివే మార్గం కనుగొన్నాడు. 1803లో ఆయన చిన్నవయసులోనే మరణించగా సోదరుడు వెంకట లక్ష్మయ్య ఆ భారం వహించి, ఊరూరికి మనుషులను పంపి, వచ్చిన వ్రాతలను క్రమపరచాడు. బొర్రయ్య ప్రతిభను మెకంజీ స్వయంగా ప్రశంసించాడు. కాని 1821లో మెకంజీ మరణించిన తరువాత ఆ పనిని కొనసాగించేందుకు లక్ష్మయ్య చేసిన ప్రతిపాదనకు కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీలో ఆమోదం లభించలేదు. అంతటి కార్యానికి ఆయన అర్హత చాలదని జేమ్స్ ప్రిన్సెప్ అభిప్రాయపడ్డాడు. ఏ పనిని సుమారు రెండు దశాబ్దాలపాటు లక్ష్మయ్యయే నడిపించాడో, ఆ పనికే ఆయన చాలడని తీర్మానం జరిగింది.

ఇక్కడ మెకంజీ కృతఘ్నుడని చెప్పడానికి వీలులేదు. లోపం ఏర్పాటులో ఉన్నది. చదివే శక్తి కావలి సోదరుల వద్ద ఉన్నది. పని కొనసాగించే అధికారం మాత్రం మెకంజీ పదవిని అంటిపెట్టుకొని ఉన్నది. పదవి ఖాళీ కాగానే విద్య నిరాధారమైంది. నేడు ఆ సేకరణ మెకంజీ పేరుతోనే చెన్నైలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలోను, లండనులోను భద్రంగా ఉన్నది. కాని లక్ష్మయ్య తరువాత ఆ పద్ధతిలో ఊళ్ళ చరిత్రలను సేకరించి పరిశీలించే శిష్యపరంపర ఏర్పడలేదు. వస్తువు నిలిచింది, విద్య నిలువలేదు. పరసంస్థలతో చేయి కలిపే ప్రతి ప్రాచ్య కళాశాల గుర్తుంచుకొనవలసిన చరిత్ర ఇది.

దీనికి భిన్నమైన దృష్టాంతం తిరుపతిలో కనిపిస్తుంది. తిరుమల ఆలయంలో తాళ్ళపాకవారి సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు 2,000కు పైగా ఉన్నవి. వాటిని వెలికి తెచ్చి చదివించే కార్యాన్ని దేవస్థానం చేపట్టినప్పుడు పండితులను తాత్కాలికపు పనివారుగా పిలువలేదు. శాసనపరిశోధకుడైన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి దేవస్థానంలోనే పనిచేస్తూ తిరుమల తిరుపతి శాసనాలను సంపుటాలుగా వెలువరించడానికి కారకుడయ్యాడు. 1939లో దేవస్థానం శ్రీవేంకటేశ్వర ప్రాచ్యపరిశోధనాలయాన్ని స్థాపించింది. వేటూరి ప్రభాకరశాస్త్రి అక్కడ చేరి తాళ్ళపాక సాహిత్య పరిష్కరణకు జీవితశేషాన్ని ధారపోశాడు. తరువాత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఆ కృషిని కొనసాగించి అనేక సంకీర్తనలకు స్వరరచన చేశాడు. 1956లో ఆ పరిశోధనాలయం శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భాగమైంది. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును ఆరంభించింది.

ఈ చరిత్రలో మూడు అంశాలు పరిశీలింపదగినవి. మొదటిది, ధనం దేవస్థానానిదైనా పాఠనిర్ణయం పండితునిది. ఏ అక్షరం ఉండాలి, ఏ పాదం లుప్తమైంది అన్న విషయంలో తుదిమాట రేకును చదివినవానిదే. రెండవది, గ్రంథం పరిష్కర్త పేరుతో వెలువడింది. తప్పయినా ఒప్పయినా దానికి బాధ్యుడెవరో పాఠకునికి తెలిసింది. మూడవది, ఒకరి తరువాత మరొకరు ఆ పనిలోకి వచ్చే ఏర్పాటు జరిగింది. ఒక పథకం ముగిసినంత మాత్రాన విద్య ఆగిపోలేదు. నేడు అన్నమాచార్యుని సంకీర్తన వినిపించని తెలుగు ఇల్లు అరుదు. దాని వెనుక రాగిరేకుపై కళ్ళు నిలిపిన పండితుల శ్రమ ఉన్నదన్న మాట మాత్రం కచేరీలో ఎవరికీ స్ఫురించదు.

సహకారమంటే విశ్వవిద్యాలయం ఇవ్వడమే, సమాజం పుచ్చుకొనడమే అన్న అభిప్రాయం కూడ సరికాదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం ఇందుకు సాక్ష్యం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయపదాల సంపుటం 1962లోను, చేనేతపదాల సంపుటం 1971లోను వెలువడ్డాయి. తరువాత ఇతర వృత్తుల సంపుటాలు కూడ వచ్చాయి. వీటిలో నాగలి భాగాలకు, మగ్గం పనిముట్లకు, నేల రకాలకు వేర్వేరు ప్రాంతాలలో ఉన్న పేర్లు లభిస్తాయి. ఈ పదాలు ఏ పండితుని నోటి నుండి వచ్చినవి కావు. రైతులు, నేతగాండ్రు చెప్పగా భాషాశాస్త్రజ్ఞులు వ్రాసికొన్నవి. ప్రభుత్వం నెలకొల్పిన అకాడమీ, విశ్వవిద్యాలయపు భాషాశాస్త్రం, గ్రామంలోని వృత్తివిద్య అనే మూడూ ఒక గ్రంథంలో కలిశాయి. ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ పదకోశం ఉండేది కాదు. గ్రంథస్థమైన ప్రయోగాలనే ప్రధానంగా గ్రహించిన నిఘంటువులలో చోటు దొరకని సంపద ఈ విధంగా నిలిచింది.

ఇక వ్యాపారరంగంతో సంబంధం గల దృష్టాంతాన్ని పరిశీలించాలి. పసుపును గాయాలు మాన్పడానికి వాడే విధానంపై 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంటు లభించింది. భారతదేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి దానిని ఆక్షేపించి, ఆ వాడుక పూర్వమే ఉన్నదని తెలిపే లిఖితాధారాలను సమర్పించింది. వాటిలో సంస్కృత గ్రంథాధారాలు కూడ ఉన్నవి. 1997లో ఆ పేటెంటు రద్దయింది. వేపపై ఐరోపా పేటెంటు కార్యాలయం ఇచ్చిన ఒక పేటెంటు కూడ 2000లో రద్దయి, 2005లో ఆ నిర్ణయం స్థిరపడింది. ఈ అనుభవాల ఫలితంగా సంప్రదాయజ్ఞానాన్ని అంకాత్మకంగా భద్రపరచే గ్రంథనిధి 2001లో రూపుదిద్దుకొనడం ఆరంభమైంది. సంస్కృతం, తమిళం, అరబ్బీ, పారశీకం, ఉర్దూ గ్రంథాలలోని ఔషధయోగాలు ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచి, జపనీస్, స్పానిష్ భాషలలో పేటెంటు పరీక్షకులకు అందుబాటులోకి వచ్చాయి. 2009లో ఐరోపా పేటెంటు కార్యాలయంతో ఒప్పందం కుదిరింది. 2022లో కేంద్ర మంత్రివర్గం ఈ నిధిని పేటెంటు కార్యాలయాలకే పరిమితం చేయక ఇతరులకు కూడ తెరవడానికి ఆమోదం తెలిపింది.

ఇటువంటి నిధిలో ప్రాచ్యవిద్య చేసే పని ఎంత సూక్ష్మమైనదో ఒక్క ఉదాహరణ చాలు. సంస్కృతంలో పసుపుకు హరిద్ర అన్నది ప్రసిద్ధనామం. కాని నిశ, రజని వంటి రాత్రివాచక శబ్దాలన్నీ పసుపును తెలిపేవే. వైద్యగ్రంథంలోని శ్లోకంలో నిశాశబ్దం కనిపించినప్పుడు అది కాలాన్ని చెప్పుతున్నదా, ద్రవ్యాన్ని చెప్పుతున్నదా అన్నది ప్రకరణాన్ని బట్టి, విభక్తిని బట్టి, నిఘంటుప్రమాణాన్ని బట్టి నిర్ణయించాలి. రాత్రి అని తెలిగిస్తే ఔషధయోగం నుండి పసుపు మాయమవుతుంది, ఆధారం నిష్ప్రయోజనమవుతుంది. ఓషధిని గుర్తించగల వైద్యుడు, శబ్దాన్ని నిర్ణయించగల పండితుడు, పేటెంటు న్యాయం తెలిసిన నిపుణుడు ఒకే బల్లవద్ద కూర్చుంటే తప్ప శ్లోకం న్యాయస్థానంలో నిలిచే పత్రం కాజాలదు.

కంప్యూటరు రంగంలో కూడ ఇదే అనుభవం. పాణినీయంలోని కారకసిద్ధాంతాన్ని ఆధారం చేసికొని భారతీయభాషల మధ్య యంత్రానువాదం సాధించడానికి కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలైన అనుసారక పథకం తరువాత హైదరాబాదులోని విద్యాసంస్థలకు విస్తరించింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని సంస్కృతాధ్యయన శాఖ సంధివిభజనకు, పదవిశ్లేషణకు ఉపయోగించే సాధనాలను రూపొందించింది. శాబ్దబోధ ప్రక్రియను యంత్రానికి నేర్పాలంటే ముందు దానిని ఎరిగినవారు ఉండాలి. తెలుగులిపికి 1991లోనే యూనికోడ్‌లో స్థానం లభించినా, పాతవ్రాతలలో కనిపించే నకారపొల్లుకు 2021లో గాని ప్రత్యేకస్థానం లభించలేదు. నందినాగరికి 2019లో లభించింది. అటువంటి చిహ్నం చేరాలంటే దాని రూపాన్ని, వాడుకను చూపే వ్రాతప్రతులను, ముద్రితప్రతులను సాక్ష్యంగా సమర్పించవలసి ఉంటుంది. నకారపొల్లు ఎక్కడ వస్తుంది, ఎందుకు వస్తుంది అని తడుముకొనకుండా చెప్పగలిగినవారు ప్రాచ్య కళాశాలలలో కాక మరెక్కడ ఉండాలి?

పండితుని ప్రమేయం లేని పథకం ఎట్లా పరిణమిస్తుందో తెలిపే ఉదాహరణ కూడ అందరి ఎదుట ఉన్నది. ఈ శతాబ్దారంభంలో మొదలైన భారత అంకాత్మక గ్రంథాలయ పథకంలో వేలాది తెలుగు, సంస్కృత గ్రంథాలు ఛాయాచిత్రాలుగా భద్రమయ్యాయి. అది మహోపకారమని ఒప్పుకొనక తప్పదు. దుర్లభగ్రంథాలు ఎన్నో పరిశోధకులకు ఇంటివద్దనే లభించాయి. కాని గ్రంథనామాలు, కర్తృనామాలు రోమన్ లిపిలో గుర్తుపట్టరానంత తప్పులతో నమోదయ్యాయి. ఒకే గ్రంథం నాలుగు పేర్లతో కనిపించడం, వ్యాఖ్యాత పేరు కవిపేరుగా మారడం, కొన్ని పుటలు లోపించడం పరిశోధకులకు నిత్యానుభవం. చిత్రించే యంత్రానికి చేసిన ఏర్పాటులో కొద్దిపాటి శ్రద్ధ సూచిక తయారీపై పెట్టి, ప్రతి కేంద్రంలోను ఇద్దరు భాషాప్రవీణులను నియమించి ఉంటే ఈ దుస్థితి తప్పేది. వెదకడానికి వీలులేని గ్రంథం ఉన్నా లేనట్లే.

ఈ పొరపాటు పెద్దప్రమాణంలో పునరావృతమయ్యే అవకాశం ఇప్పుడున్నది. 2003లో జాతీయ రాతప్రతుల మిషన్ ఆరంభమై, దేశమంతటా విద్యాసంస్థలతో కలిసి ప్రతుల నమోదును, సంరక్షణను చేపట్టింది. 2025-26 కేంద్ర బడ్జెటులో జ్ఞానభారతం మిషన్ ప్రకటితమైంది. విద్యాసంస్థలు, ప్రదర్శనశాలలు, గ్రంథాలయాలు, వ్యక్తిగత సేకర్తల సహకారంతో 1 కోటికి మించిన రాతప్రతులను సర్వే చేసి, నమోదుచేసి, సంరక్షించడం దాని లక్ష్యంగా చెప్పబడింది. ఇది స్వాగతింపదగిన సంకల్పం. అయితే కోటి ప్రతులకు ఛాయాచిత్రాలు తీయడం ధనంతోను, యంత్రాలతోను జరిగే పని. కోటి ప్రతులను చదవడం వేరు పని.

తాళపత్రాన్ని చిత్రించడానికి క్షణాలు చాలు. దానిని చదవడానికి లిపిని గుర్తించాలి. గంటపు గీతలో ఎ, ఏ లకు, ఒ, ఓ లకు భేదం పాటించని వ్రాతలో పదాన్ని నిర్ణయించాలి. విరామచిహ్నాలు లేని పంక్తిలో పద్యపాదాలను ఛందస్సు సాయంతో విడదీయాలి. లేఖకుని ప్రమాదాన్ని, ప్రాంతీయోచ్చారణను, నిజమైన పాఠాంతరాన్ని వేరుపరచాలి. గద్యలోని సంవత్సరనామాన్ని బట్టి కాలం ఊహించాలి. ఈ శక్తి గ్రంథాలు చదివినంతమాత్రాన రాదు. గురువు ప్రక్కన కూర్చుని, ఆకు తరువాత ఆకు చదువుతూ సంవత్సరాల తరబడి సాధించవలసినది. యంత్రపఠనం క్రమంగా మెరుగుపడుతున్నది; దానిని ఉపయోగించుకొనడం వివేకం. కాని యంత్రానికి మాదిరిగా ఇచ్చే పాఠం సరిగా లేకపోతే అది ఆ తప్పునే లక్షలసార్లు వల్లెవేస్తుంది. అందువల్ల యంత్రయుగంలో పాఠపరిష్కర్త అవసరం తగ్గలేదు, పెరిగింది.

వ్యాపారసంస్థలతో సంబంధం విద్యావిక్రయమని ఆక్షేపించేవారు ప్రాచ్యవిద్యావంతులలో ఉన్నారు. ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. అయితే దీనికి సంప్రదాయమే సమాధానం చెప్పుతున్నది. విద్యను పణ్యంగా చేసికొన్న వర్తకుని ప్రస్తావన కాళిదాసు మాళవికాగ్నిమిత్రం ప్రథమాంకంలో నాట్యాచార్యుడైన గణదాసుని నోట వస్తుంది. ఆ మాటలోని నింద ఎవరిమీదనో గమనించాలి. వేతనం పుచ్చుకొన్నంతమాత్రాన గణదాసు ఎవరినీ నిందించలేదు; ఆయన కూడ రాజాశ్రయంలో ఉన్నవాడే. పదవి లభించింది కదా అని వాదానికి వెనుకంజ వేసి, ఇతరుల నిందను సహించి, విద్యను కేవలం జీవికకు సాధనంగా మిగుల్చుకొన్నవాడే ఆ నిందకు పాత్రుడు. ఆ నాటకంలోనే గణదాసహరదత్తుల విద్య వారి శిష్యుల ప్రయోగం ద్వారా, మధ్యస్థురాలైన పరివ్రాజిక సమక్షంలో పరీక్షకు నిలుస్తుంది. బయటివారి ఎదుట పరీక్షకు నిలువడం విద్యకు అవమానం కాదన్నది అందులోని తాత్పర్యం. ఈ దృష్టితో చూస్తే, వ్యాపారసంస్థ అడిగిన ప్రశ్నకు ప్రమాణసహితంగా సమాధానం చెప్పే పండితునికంటె, పరీక్ష లేని చోట పాతపాఠాలను అప్పగించి వేతనం తీసికొనే అధ్యాపకుడే విద్యావిక్రయానికి దగ్గరగా ఉంటాడు.

విద్యావిక్రయమన్న నింద నిజంగా వర్తించే చోటు ఒకటున్నది. గ్రంథంలో లేని ప్రమాణాన్ని ఉన్నట్లు చూపమని సంస్థ కోరినప్పుడు అంగీకరించడం అటువంటిది. ఔషధప్రకటనకు అనుకూలంగా శ్లోకాన్ని వంచి అర్థం చెప్పడం, స్థలమాహాత్మ్యాన్ని యాత్రికుల రాకకోసం పెంచి వ్రాయడం, కులచరిత్రకు లేని శాసనాన్ని జోడించడం అక్షమ్యాలు. లేదు అని చెప్పే స్వాతంత్ర్యం పండితునికి ఉండాలి. ఆ స్వాతంత్ర్యం వ్యక్తి ధైర్యంపై ఆధారపడకుండా ఒప్పందంలోని నిబంధనగా ఉండడమే క్షేమం.

కళాశాలల వైపు లోపాలు లేవని చెప్పడం సత్యదూరం. శాస్త్రవిద్య చదివిన విద్యార్థి ప్రాచీనలిపిలో ఒక్క పంక్తి కూడ చదవకుండానే పట్టా పుచ్చుకొనే స్థితి ఉన్నది. కళాశాల బీరువాలలో ఉన్న తాళపత్రాలకు సూచిక లేని చోట్లు ఉన్నవి. తనకు తెలిసిన ప్రతిని మరొకరికి చూపని అధ్యాపకుడు, బయటినుండి వచ్చిన ఉత్తరానికి మాసాల తరబడి ప్రత్యుత్తరం వ్రాయని కార్యాలయం, గడువులోగా పని పూర్తిచేయని అలవాటు పరసంస్థలకు విశ్వాసం కలిగించవు. ఉద్యోగోన్నతి విధానం కూడ ఈ పనికి అనుకూలంగా లేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనలలోని పరిశోధనాంకాల పట్టికలో సలహాసేవకు స్థానం ఉన్నది. అనువాదానికి స్థానం ఉన్నది. కాని అనేక ప్రతులను సరిపోల్చి, పాఠాంతరాలతో సిద్ధం చేసిన పరిష్కృతగ్రంథానికి వేరుగా గుర్తింపు లేదు. పదిమంది వ్యాసాలను ఒకచోట చేర్చిన సంపుటితో సమానంగానే దానిని లెక్కిస్తే, ఐదేండ్లు తాళపత్రాలతో గడపడానికి యువాధ్యాపకుడు ఎందుకు ముందుకు వస్తాడు?

ఈ పరిస్థితిలో ప్రాచ్య కళాశాల చేసికొనే అవగాహన ఒప్పందంలో కొన్ని అంశాలు తప్పనిసరిగా ఉండాలి. పాఠనిర్ణయంలో తుదిమాట పండితునిదై, ఆయన పేరు ప్రతి ప్రచురణలోను, ప్రతి అంకాత్మకరూపంలోను ఉండాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఉద్యోగబాధ్యతగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేనప్పుడు, యజమానియే ప్రథమస్వామి. అయితే తన కర్తృత్వాన్ని చాటుకొనే హక్కు రచయితకు వేరుగా ఉన్నది. ఈ భేదం తెలియక సంతకాలు చేసినవారు తరువాత చింతించి ప్రయోజనం లేదు. మూలప్రతి, దాని ఛాయాచిత్రం, పరిష్కృతపాఠం అనే మూడింటి స్వామ్యం వేర్వేరుగా పేర్కొనాలి. మూలప్రతి దాతవద్దనో కళాశాలవద్దనో ఉండాలి; ఛాయాచిత్రపు ప్రతి కళాశాలకు తప్పక రావాలి; నిర్ణీతకాలం తరువాత పాఠం పరిశోధకులందరికీ అందుబాటులోకి రావాలి.

అన్నింటికంటె ముఖ్యమైన నిబంధన శిక్షణకు సంబంధించినది. పథకానికి కేటాయించిన ధనంలో కొంతభాగం లిపిపఠనం, పాఠపరిష్కరణం నేర్చుకొనే విద్యార్థుల వేతనానికి కేటాయింపబడాలి. పథకం ముగిసేనాటికి ఎన్ని పుటలు చిత్రించారన్న లెక్కతోపాటు, స్వయంగా చదవగలవారు ఎంతమంది తయారయ్యారన్న లెక్క కూడ సంస్థకు సమర్పించాలి. పుటల లెక్క మాత్రమే అడిగే సంస్థకు ఈ రెండవ లెక్కను అలవాటు చేయడం కళాశాల కర్తవ్యం. ఇది దానం అడగడం కాదు. రేపు అదే సంస్థకు మరొక గ్రంథం చదివించవలసి వచ్చినప్పుడు మనిషి దొరకడానికి ఇది ఒక్కటే మార్గం.

నైపుణ్యం బయటినుండి లోపలికి రావడానికి కూడ ద్వారం తెరవాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో ప్రవేశపెట్టిన ప్రాక్టీసు ప్రొఫెసరు విధానం ప్రకారం, తమ రంగంలో విశిష్టానుభవం గలవారిని పట్టాలతో నిమిత్తం లేకుండ నియమింపవచ్చు. మంజూరైన పదవులలో 10 శాతానికి మించకుండా ఈ నియామకాలు జరగాలి. సాధారణ విశ్వవిద్యాలయాలు దీనిని పారిశ్రామికవేత్తలకోసం ఉపయోగించుకొంటున్నవి. ప్రాచ్యవిద్యాసంస్థలు దీనిని శిల్పశాస్త్రం చేతిలో ఉన్న స్థపతికి, మూలికను చూడగానే గుర్తించే వైద్యునికి, ఆగమప్రయోగం తెలిసిన అర్చకునికి, అభిలేఖాగారంలో జీవితం గడిపిన పాఠకునికి ఉపయోగింపవచ్చు. వాస్తుగ్రంథంలోని ఉపపీఠం, అధిష్ఠానం, పాదం వంటి శబ్దాలకు నిఘంటువు చెప్పే అర్థం ఒక ఎత్తు. రాతిపై గీత గీసి చూపే స్థపతి వివరణ మరొక ఎత్తు. ఆ రెండూ కలిసినప్పుడే గ్రంథం విద్యార్థికి బోధపడుతుంది.

చిన్న కళాశాలకు ఇంత పెద్ద ఒప్పందాలు సాధ్యమా అన్న సందేహం సహజం. ఆరంభం చిన్నదిగానే ఉండాలి. ఒక్కొక్క ప్రాచ్య కళాశాల తన ఊరిలోని ఒక దేవాలయాన్ని, లేదా ఒక గ్రంథాలయాన్ని, లేదా జిల్లాలోని ఒక పాతవ్రాతల సేకరణను ఎన్నుకొని, దాని సూచికను మూడేండ్లలో పూర్తిచేయడానికి ఒప్పందం చేసికొనవచ్చు. ఇద్దరు అధ్యాపకులు, నలుగురు విద్యార్థులు ఆ పనికి చాలుతారు. గడువులోగా పూర్తిచేసి, తప్పులు తక్కువగా ఉన్న సూచికను ముద్రించి చూపిన కళాశాల వద్దకు పెద్దసంస్థలు తామే వస్తాయి. పరిశోధనలో విశ్వాసం ప్రకటనలతో రాదు, పూర్తిచేసిన పనితో వస్తుంది.

ప్రాచీనలిపులను తడుముకొనకుండా చదివేవారి సంఖ్య ఏటేటా తగ్గుతున్నదన్న విషయం ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలిసినదే. ధనం, యంత్రాలు, ప్రభుత్వసంకల్పం మూడూ ఒకేసారి సమకూరిన ఈ సమయంలో చదివేవారు లేకపోవడం కంటె విషాదం మరొకటి ఉండదు. జ్ఞానభారతం వంటి బృహత్పథకం తలుపు తట్టినప్పుడు ప్రాచ్య కళాశాలలు తాళపత్రాలను మాత్రమే అప్పగించి రసీదు పుచ్చుకొంటాయా, చదివే బాధ్యతను కూడ తమ పేర వ్రాయించుకొంటాయా అన్నది రానున్న కొద్ది సంవత్సరాలలోనే తేలిపోతుంది. ప్రతి కళాశాల విద్వత్పరిషత్తు తన రాబోయే సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టి, లిపిపఠనాన్ని పాఠ్యప్రణాళికలో చేర్చే తీర్మానంతో మొదలుపెట్టడం ఉచితం. ఒప్పందానికి కూర్చునేనాటికి కళాశాల చేతిలో ఉండవలసిన మూలధనం అదే.